కాపని డప్పు

పెబ్బేరులో ఒక ఇంటి వాకిట్లో, నులకమంచం మీద రెండు సంగీతం మిషన్లు ఉన్నాయి: బయటి మోతను రికార్డు చేసి మీట నొక్కితే వినిపించే శాంప్లర్, మోతలు ముందే నింపి ఉన్న డ్రమ్ మిషన్. నచ్చినది ఉంచుకుని రెండోది సాయంత్రానికి పంపమని పాటలు కట్టే కూతురికి స్నేహితురాలు వర్ష ఇచ్చింది. ఆ కూతురికి, డప్పు వాయించే తండ్రితో పొద్దుటి నుంచీ ప్రాణం విసిగిపోయింది.

"నాయినా, మల్ల ఎందుకు ఆపినవ్?"

"తోలు సల్లబడి వదులైంది బిడ్డా. జర మంటకు కాపనియ్యి."

"గిది ఐదోసారి! శాంప్లర్‌ల నీ దెబ్బ రికార్డు చేద్దామంటే గడ్డిమంట చిటచిటలు, నీ దగ్గులే పడుతున్నయ్."

"కాపకుంటే మోగుతదా మరి?"

"గీ డ్రమ్ మిషన్ సూడు. దెబ్బలన్నీ లోపల్నే ఉంటయ్. గడ్డి అడగదు, బీడీ అడగదు. నొక్కితే మోగుతది."

"గట్లయితే గదే ఉంచుకో. నా భుజమన్న మిగుల్తది."

"సరే, శాంప్లర్ వాపస్ పంపిస్త! నా పాటల నీ చెయ్యి ఉండాలనుకున్న సూడు, నాదే తప్పు."

కోపంగా డ్రమ్ మిషన్‌లోని డప్పు మీట నొక్కింది. తండ్రి తల పక్కకు వంచి విన్నాడు.

"ఏంది, మొఖం గట్ల పెట్టినవ్?"

"ఎవరు కొట్టిన్రు బిడ్డా దీన్ని?"

"తెల్వదు. ఏ ఊరోడో."

"చెయ్యి మంచిదే. పాపం, కాపాలని ఎవరూ చెప్పలే. మల్ల నొక్కు."

ఆమె మూడుసార్లు నొక్కింది. మూడుసార్లూ తోలు వదులుగానే పలికింది. ఇప్పటిదాకా తన చెవికి అది ఎందుకు పట్టలేదో ఆమెకు అర్థం కాలేదు. వర్షకు తిరిగి పంపడానికి డ్రమ్ మిషన్‌ను సంచిలో పెట్టింది.

"గడ్డి ఇంకుందా నాయినా?"

"ఉంది. చిటచిట పడుతది మరి?"

"పడనియ్యి. నువ్వు మాత్రం దగ్గకు!"