చెంగల్రాయుడు సరిచేసిన రెక్క

తిరుపతి బస్టాండు పక్కన కృపామణి టీకొట్టు. బల్ల మీద చెంగల్రాయుడు, ఎదురుగా సంచీతో అతని కోడలు నవీన. సూళ్లూరుపేట బస్సు వచ్చేలోపు ఆమె ప్రయాణానికి ఆయన సరేననాలి. ఆమె ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో, గాల్లో దారి మార్చుకునే చిన్న ఫిరంగి గుండు మీద పరిశోధన చేస్తోంది; దాన్ని పరీక్షించే మైదానం సూళ్లూరుపేట దగ్గరుంది.

"గుండ్లు పేల్చే మైదానంలో ఆడపిల్లకేం పనిమ్మా? ఇంటికి పో," అన్నాడు చెంగల్రాయుడు. పక్కన టీ తాగుతున్న గురప్ప వైపు తిరిగి, "ఆ గుండు సంగతి నాకు తెలీదా? విను గురప్పా. పోయిన నెల ఈ పిల్లకి క్యారియరిచ్చేదానికి ల్యాబుకి పోయినా. సూస్తే బల్ల మీద గుండు, మూరెడు కూడా లేదు, తోకకి నాలుగు రెక్కలు. ఒక రెక్క రవ్వంత వంకరగా ఉండాది. రెండు వేళ్లతో సరిచేసినా. అంతే."

"అంతేనా?" అన్నాడు గురప్ప.

"యాడంతే! పెద్ద సారు పరిగెత్తుకుంటా వచ్చి, మూడేండ్లుగా మాకు కనపడలేదే, మీరే పేల్చండయ్యా అన్నాడు. పేలిస్తిని. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? నేరుగా తిరుమల దాకా పోయి, కొండ మీద ఎగరకూడదని దానికే తోచి, చుట్టుకొని పోయినాది! ఆడినించి నగరి. మరమగ్గం ఆడతా ఉంటే పడుగు దారాల నడిమిన దూరి, ఒక్క పోగు తెగనీకుండా అవతలికొచ్చినాది. మగ్గమాయన నాకే ఫోను చేసినాడు!"

"నీ నంబరు ఆయనకెట్లా తెలుసబ్బా?"

"గుండు మీద రాసింటినిలే. ఇంకా విను. పుత్తూరు కాడ బర్రెలు రోడ్డు దాటతా ఉంటే గాల్లోనే నిలబడి, కడాకరి దూడ దాటినాకనే కదిలినాది. వచ్చి నా కాళ్ల కాడ పిల్లిపిల్ల మాదిరి దిగినాది. సారు కండ్లనీళ్లు పెట్టుకొని..."

"మామా," అంది నవీన. "ఆ గుండును ఇంతవరకూ ఎవరూ పేల్చలేదు. మొదటిసారి పేల్చేది రేపే. ఆ రెక్కను కావాలనే నేను లెక్కగట్టి వంచినాను. అది వంగుంటేనే గుండు గాల్లో దారి మళ్లేది. మీరు సరిచేసి పోయినాక మళ్లీ వంచేదానికి నాకు రెండు రోజులు పట్టింది."

గురప్పకి టీ పొలమారింది.

కృపామణి వడకట్టు గుడ్డ పిండుతూ అంది, "ఎవురినీ అడక్కుండా ఊర్లన్నీ తిరిగే గుండును అంత మెచ్చుకుంటివే రాయుడన్నా. దానికి రెక్కలు పెట్టిన పిల్ల సూళ్లూరుపేట పోవాలంటే మాత్రం నీ సెలవు కావాల్నా?"

చెంగల్రాయుడు చల్లారిన టీని ఊదుకున్నాడు. గ్లాసులోకే చూస్తూ, "నేను వద్దంటినా? పోయిరా తల్లీ, నేనే పంపిస్తాండా," అన్నాడు.

"ఎవురితో మాట్లాడతాండావు రాయుడన్నా?" అంది కృపామణి. "ఆ పిల్ల అప్పుడే బస్సెక్కేసినాది."