గ్రౌండులో మా ఇంటి కుర్చీ

అధ్యక్షత వహిస్తున్న పెద్దలు అబ్బయ్య గారికి, మా మాట మన్నించి లాల్‌పేట్ దాకా వచ్చిన ప్రిన్సిపల్ మేడం గారికి, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు, పిల్లలకు, ఈ రోజే రిటైరై, శాలువా కప్పుకుని ఇబ్బందిగా కూర్చున్న మా పీటీ సారు సదానందం గారికి నమస్కారం.

నా పేరు రాజేష్. గని సర్వే ఆఫీసులో పనిచేస్తాను. ఎనిమిదో తరగతి సౌజన్య తండ్రిని. మేడం గారికి తెలుగు రాదు కాబట్టి పక్కన కూర్చున్న మిరియం గారు మరాఠీలో చెబుతున్నారు. మిరియం గారూ, మధ్యలో మేడం గురించి కూడా కొంచెం వస్తుంది. అది కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. (నవ్వులు)

ముందు ఈ రోజు ఏం జరిగిందో చెబుతాను. శనివారం కాబట్టి పొద్దుటి బడి. సారు ఎప్పటిలాగే అందరికన్నా ముందు వచ్చి గ్రౌండులో సున్నం గీతలు గీశారు. ప్రార్థన అయ్యాక పిల్లలు తెల్లబట్టల్లో వరసలు కట్టారు. లేజిం మొదలైంది. లేజిం అంటే ఏమిటో మన చంద్రపూర్ వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, మంచిర్యాల నుంచి వచ్చిన సారు చుట్టాల కోసం చెబుతున్నాను: అది గొలుసూ ఇనప బిళ్ళలూ ఉన్న చేతికర్ర. దాన్ని గలగలలాడిస్తూ, డోలు దెబ్బకు అందరూ ఒకేసారి ఒంగుతూ, కూర్చుంటూ, లేస్తూ ఆడతారు. ఈ రోజు సగం ఆటలో, డోలు కొడుతున్న మా అమ్మాయి ఆ డోలు కర్రను ఇంకో పిల్ల చేతిలో పెట్టింది. లేజిం తీసుకుని తన క్లాసు వరసలో చివర నిలబడింది. అందరితో పాటు ఒంగింది. కూర్చుంది. లేచింది. ఆట అయ్యాక సారు విజిల్ ఊదారు. అది ఉద్యోగంలో ఆయన చివరి విజిల్. ఆ తర్వాత స్టాఫ్ రూంలో టీ తాగి, ఆటసామాను గది తాళాలు మేడం చేతికిచ్చి, బండి స్టార్ట్ చేసుకుని ఇంటికి వెళ్ళారు.

జరిగింది ఇంతే. ఇంతదానికి ఇంత సభ ఎందుకని ఎవరికైనా అనిపిస్తే, ఆ వరస చివర నిలబడ్డ పిల్ల సంగతి చెప్పాలి.

ముందటేడు వానాకాలం. మా ఆవిడ ప్రేమలత స్కూటీ మీద సౌజన్యను ట్యూషన్ నుంచి తీసుకొస్తోంది. ఎదురుగా లారీ వచ్చింది. ప్రేమలత ఇంటికి రాలేదు. సౌజన్యకు కుడికాలు మోకాలి కింద విరిగింది. దీని గురించి ఇంతకన్నా చెప్పను. మీలో చాలామంది ఆ రోజు నాతోనే ఉన్నారు.

దీపావళి సెలవుల తర్వాత పిల్ల మళ్ళీ బడికి వెళ్ళింది. డాక్టర్ స్పష్టంగా చెప్పాడు: పరుగెత్తొద్దు, దుంకొద్దు, మిగతావన్నీ చెయ్యొచ్చు, చేయిస్తేనే కాలు బాగుపడుతుంది. నేను అదే మాట బళ్ళో చెప్పాను. బళ్ళో ఒక నియమం ఉంది. పూర్తిగా ఫిట్ అయిన పిల్లలే గ్రౌండులోకి రావాలి, ఫిట్ కానివాళ్ళు క్లాసులో కూర్చోవాలి. మేడం గారి వైపు నుంచి చూస్తే అందులో తప్పులేదు. అంతకు ముందు సంవత్సరం ఒక పిల్లవాడు గ్రౌండులో పడితే వాళ్ళవాళ్ళు వచ్చి ఆఫీసులో కుర్చీలు తిరగేసి వెళ్ళారట. నేను మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అదే మాట. ప్రతిసారీ నాకు టీ ఇచ్చారు. ఆ టీ చాలా బాగుండేది, అది కూడా చెప్పండి మిరియం గారూ. (నవ్వులు)

పీటీ పీరియడ్‌లో క్లాసంతా కిందికి దిగితే సౌజన్య ఒక్కతే కిటికీ దగ్గర కూర్చునేది. కింద లేజిం గలగలలు వినపడేవి. ఆ పిల్ల కాలు విరగక ముందు ఆ ఆటలో మొదటి వరస. బళ్ళో మాట్లాడటం మానేసింది. తర్వాత ఇంట్లో కూడా తగ్గించింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని అడిగింది.

“బాపూ, నేను బళ్ళెనే ఉన్న గద. మరి పీటీల నన్ను గైర్‌హాజర్ ఎందుకు రాస్తరు?”

దానికి జవాబు మా అత్తమ్మ దుర్గమ్మ దగ్గర ఉంది. ప్రేమలత వాళ్ళమ్మ. పిల్లకు దెబ్బ తగిలినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. అదిగో, మూడో వరసలో కూర్చుని, నన్ను ఎందుకు మాటల్లోకి లాగుతున్నావన్నట్టు చూస్తోంది.

ఆమె భర్త జీవితమంతా బొగ్గుబాయిలో పనిచేసినవాడు. బాయిలో దెబ్బ తగిలినవాడి సంగతి ఈ హాలులో అందరికీ తెలుసు. కాలో చెయ్యో బాగయ్యేదాకా అతనికి లైట్ డ్యూటీ ఇస్తారు. బరువు ఎత్తడు, కిందికి దిగడు, కానీ తన షిఫ్టుకు వస్తాడు, తనవాళ్ళ మధ్య కూర్చుంటాడు, హాజరీ పడుతుంది. హాజరీ పడ్డన్నాళ్ళు మనిషి పనివాడే. ఎవరికైనా అది ఇవ్వకపోతే ఏం చేయాలో కూడా మన ఆడవాళ్ళకు తెలుసు. మొదటి షిఫ్టు వేళకి వెళ్ళి గేటు ముందు నిలబడాలి. కేకలు అక్కర్లేదు. మేనేజర్ వచ్చి ఏమిటని అడిగేదాకా నిలబడితే చాలు.

అత్తమ్మ నాకు ఒక్క మాట చెప్పలేదు. రెండు ఆటోల నిండా ఆడవాళ్ళను ఎక్కించుకుని తుకుం బస్తీలో ఉన్న బడి గేటు ముందుకు వెళ్ళింది. ఎప్పుడు వెళ్ళింది? మొదటి షిఫ్టు వేళకే. తెల్లవారక ముందే. ఆ రోజు శనివారం కూడా కాదు. బడి తెరిచేది పదిన్నరకు. (పెద్దగా నవ్వులు)

వాచ్‌మన్ నిద్రమొహంతో బయటికొచ్చి చూశాడట. చలికి కొంగులు కప్పుకుని వరసగా నిలబడ్డ ఆడవాళ్ళు, చేతిలో టీ ఫ్లాస్కులు. అతనూ మనవాడే.

“ఏందమ్మా, తొవ్వ తప్పిండ్రా? ఇది బడి, బాయి కాదు.”

“మాకెరికె తియ్. మీ మేనేజర్ ఎప్పుడొస్తడు?”

“మేనేజర్ లేడు. మేడం ఉన్నది. పది దాటినంక వస్తది.”

“గంత ఆలస్యంగనా? ఇగ బడి ఎట్ల నడుస్తది?”

మేడం, దీనికి మా అత్తమ్మ తరఫున నేను క్షమాపణ చెబుతున్నాను. ఆమె చెప్పదు. (నవ్వులు, చప్పట్లు)

ఆ తర్వాత గేటు దగ్గరకు మొదట వచ్చిన మనిషి సదానందం సారు. సున్నం డబ్బా బండికి తగిలించుకుని వచ్చారు. ఆయన తండ్రి పోచన్న గారు కూడా బాయి మనిషే అన్న సంగతి మీకు తెలుసు. గేటు ముందు నిలబడ్డ తీరు చూడగానే ఆయనకు సగం అర్థమైంది. మిగతా సగం అత్తమ్మ చెప్పింది.

“సారూ, దెబ్బ తాకిన పిల్లను ఒంటిగ కూసుండబెట్టి గైర్‌హాజర్ రాస్తుండ్రు. మీ బళ్ళె లైట్ డ్యూటీ లేదా?”

సారు ఆ రోజు వరకూ డాక్టరే పిల్లను గ్రౌండుకు రావద్దన్నాడని అనుకున్నారు. ఎవరో అలా చెప్పారు, ఆయన నమ్మారు. బండి స్టాండు వేసి, ఆడవాళ్ళందరినీ లోపల వేపచెట్టు కింద కూర్చోబెట్టి, నాకు ఫోన్ చేశారు. నేను వెళ్ళేసరికి వాళ్ళు టీ అంతా తాగేసి, సారు గీసిన సున్నం గీతలు వంకరగా ఉన్నాయని ఆయనకే చెబుతున్నారు.

మేడం గదిలో మాట్లాడింది సారే. ఆయన మరాఠీలో అన్నారు, నేను తెలుగులో చెబుతాను. లేజింకు ఇన్నాళ్ళూ స్పీకర్ డబ్బాలో డోలు పాట పెడుతున్నామని, దానివల్ల వెనక వరసల పిల్లలు వెనకే ఉండిపోతున్నారని, డోలు కొట్టడానికి తనకొక మనిషి కావాలని అన్నారు.

“డబ్బాకు కళ్ళు లేవు మేడం. వెనకపడ్డవాళ్ళని చూసి ఆగదు. ఈ పిల్లకి కళ్ళున్నాయి.”

పిల్ల పడిపోతే ఏమిటని మేడం అడిగారు. ఆ ప్రశ్న నేను ఎన్నోసార్లు విన్నాను. దానికి ఒక మనిషి జవాబు చెప్పగా వినడం అదే మొదటిసారి.

“పడితే నేను లేపుతాను. గ్రౌండుకే రాకపోతే ఎవరు లేపుతారు?”

ఆ మాట తర్వాత మేడం ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు: కుర్చీలో కూర్చునే కొట్టాలి. సరే అన్నాం. తీరా చూస్తే బళ్ళో కుర్చీలు గ్రౌండుకు తీసుకెళ్ళకూడదని ఇంకో నియమం. (నవ్వులు) మేడం ఆ రోజుకు ఒక నియమం తీసేశారు, ఇంకొకటి అడగడం మర్యాద కాదు. కుర్చీ నేను తెస్తానన్నాను.

ఇంట్లో అంత తేలికైన కుర్చీ ఒక్కటే ఉంది. ప్రేమలత కుట్టుమిషన్ ముందు వేసుకుని కూర్చునే ఇనప మడత కుర్చీ. ఈ హాలులో ఉన్న అక్కచెల్లెళ్ళలో చాలామంది జాకెట్లు ఆ కుర్చీలో కూర్చుని కుట్టినవే. అది మిషన్ ముందు అలాగే ఉంది. నేను దాన్ని మడిచి, బండి మీద పెట్టుకుని బడికి తీసుకెళ్ళాను.

ఆ వారం పీటీ పీరియడ్‌లో సౌజన్యకు హాజరీ పడింది. ఇంటికొచ్చి అన్నం తిన్నది. తింటూ మాట్లాడింది. ఎవరి అడుగు తప్పుతుందో, ఎవరు నవ్వు ఆపుకోలేకపోతున్నారో, అన్నీ చెప్పింది. అత్తమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. పళ్ళేల్లోకే చూసుకుంటూ విన్నాం.

సదానందం సారు పని చేసే తీరు గురించి ఒక సంగతి చెప్పాలి. ఇది నాకు చాలాకాలం తెలియదు. పిల్లను ఆయన ఎప్పుడూ నడువు అనలేదు. మేడం షరతు తప్పలేదు, డోలు కుర్చీలో కూర్చునే కొట్టింది. కాకపోతే కుర్చీ ప్రతి వారం మెట్ల నుంచి కొంచెం దూరం జరిగేది. డోలు కర్ర సారు ఎక్కడో మరిచిపోయేవారు. “సౌజన్యా, కట్టె ఆ మూలకు మర్చిపోయిన, తెచ్చిపెట్టు బిడ్డా” అనేవారు. పిల్ల వెళ్ళి తెచ్చేది. వచ్చే వారం ఇంకో మూలకు మరిచిపోయేవారు. పాపం సారుకు మతిమరుపు ఎక్కువైందని మా అమ్మాయి నాతో బాధపడింది. (నవ్వులు) ఆ కర్ర కోసం గ్రౌండు చుట్టూ తిరిగి తిరిగి, తన కాలు బాగవుతోందన్న సంగతి తనే మరిచిపోయింది. పోయిన వానాకాలానికి డాక్టర్ ఇంక దేనికీ అభ్యంతరం లేదన్నాడు. ఆ మాట వినగానే మేడం గారే తన షరతు తీసేశారు. మొన్న జనవరి ఇరవై ఆరున పిల్ల నిలబడి డోలు కొట్టింది. చప్పట్లు మొదలుపెట్టింది మేడం గారే. నేను పక్కనే ఉన్నాను, చూశాను.

ఈ రోజు వరసలోకి వెళ్ళి నిలబడమని ఎవరూ చెప్పలేదు. సారు చివరి రోజని తనే అనుకుని వెళ్ళింది. కూర్చుని లేచింది. గోడ పక్కన నిలబడి చూశాను.

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు, గొప్పలు చెప్పుకునేవాణ్ణి అంతకన్నా కాదు. ఈ ఒక్క రోజుకు చెబుతాను. మేం గెలిచాం. ఎవరి మీదా కాదు, మేడం కూడా మా వైపే ఉన్నారు. గేటు ముందు చలిలో నిలబడ్డవాళ్ళందరూ గెలిచారు. ఇప్పుడు బళ్ళో దెబ్బ తగిలిన పిల్లలెవరూ క్లాసులో ఒంటరిగా కూర్చోవడం లేదు. ఒకడు స్కోరు చెబుతాడు, ఒకతె విజిల్ ఊదుతుంది. పిల్లలు దాన్ని మరాఠీలో మాట్లాడుతూ కూడా లైట్ డ్యూటీ అనే అంటారు. సారు వెళ్ళిపోతున్నారు గానీ అది అక్కడే ఉంటుంది. (చాలాసేపు చప్పట్లు)

ఇక ఒక బాకీ. సార్, పోయిన దసరా ముందు మీరు నన్ను గేటు దగ్గర ఆపి ఒక మాట అడిగారు. “పిల్ల పొడుగైంది, తెల్లప్యాంటు మడమల పైకొచ్చింది, లోపల మడత ఉన్నది గద, ఇప్పి పొడుగు చెయ్యరాదు?” అన్నారు. నేను జవాబు చెప్పకుండా బండి ఎక్కి వెళ్ళిపోయాను. మీరు మళ్ళీ అడగలేదు.

ఆ మడత ప్రేమలత వేసింది. ఆ ఏడాది బడి తెరిచే ముందు, పిల్ల పెరుగుతుందని లోపలికి మడిచి చేత్తో కుట్టింది. ఆమె చేతి కుట్టు ఇంట్లో ఇంకా చాలా ఉంది. కానీ విప్పడానికని ఆమె వేసిన కుట్టు అదొక్కటే. దాన్ని ముట్టుకోవడం నా వల్ల కాలేదు. పిల్ల కూడా అడగలేదు. పొట్టి ప్యాంటుతోనే ఏడాదంతా డోలు కొట్టింది. ఈ రోజు కూర్చుని లేచినప్పుడు చూశాను. అది మడమల పైకి కాదు, పిక్కల దాకా వచ్చింది.

అధ్యక్షులు అబ్బయ్య గారికి, ఓపికగా విన్న మేడం గారికి, నా మాటలన్నీ మోసిన మిరియం గారికి, గేటు ముందు నిలబడ్డ ప్రతి తల్లికీ, అందరికన్నా ముందు మా అత్తమ్మకు, నా ధన్యవాదాలు. సదానందం సార్, మీ కాళ్ళకు ఇక విశ్రాంతి ఇవ్వండి. కర్రలు మాత్రం అక్కడక్కడా మరిచిపోతూ ఉండండి.

కుర్చీ గ్రౌండు నుంచి ఇంటికి వచ్చింది. ఈ మధ్యాహ్నం సౌజన్యే మోసుకొచ్చింది, నన్ను పట్టుకోనివ్వలేదు. మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. రేపు పొద్దున దాన్ని మిషన్ ముందు వేసుకుని కూర్చుని, ఆ కుట్టు విప్పుతాను.