ఊరికే పడిపోయే స్విచ్చి

వానకి పడవ రాలేదు. వచ్చుంటే వైర్‌మ్యాన్ ఔసేప్పు చేట్టన్, అదే మా ఔసేప్పన్న, కోతలు ఆ పూట మా చెవిన పడేవే కావు. నేనూ, కల్లు గీసే రాఘవనూ రేవు పక్కన ఏలియామ్మ చేచ్చి, అంటే ఏలియామ్మక్క, టీకొట్లో ఇరుక్కుపోయాం. నా బాతులు మాత్రం బయట కాలవలో హాయిగా ఉన్నాయి. వాటికి ఈ గోల వినపడదు.

చేట్టన్ అప్పుడే స్టూలు దిగాడు. చేచ్చి కూతురు లిస్సీ పట్టుబట్టి పోయిన వారం పెట్టించిన కొత్త ట్రిప్ స్విచ్చిని గోడ మీంచి ఊడబీకి, పాత బ్రేకరే మళ్ళీ బిగించాడు. బిగించగానే ఏసు పటం కింద ఎర్ర బల్బు వెలిగింది. వారం నుంచీ ఆ బల్బు వేస్తే చాలు, కొత్త స్విచ్చి టప్పున పడిపోయి కొట్టంతా చీకటి. ఆ సాయంత్రమే చేచ్చి భర్త ఆండు ప్రార్థన, ఆయన పోయిన రోజున ఏటా చేసేది. బల్బు లేకుండా ఎలాగని ఆమె బెంగ.

"ఊరికే పడిపోతుంది వెధవ స్విచ్చి!" అని దాన్ని బల్ల మీద పడేసి, టీ అందుకుని మొదలెట్టాడు.

"ఈ ఊరితో నాకు విసుగొచ్చేసిందిరా. స్విచ్చి పడితే నన్నే తిడతారు, పడకపోయినా నన్నే తిడతారు. అసలు ఇలాంటి స్విచ్చి మన కుట్టనాడులో మొట్టమొదట బిగించిందెవడు? నేను! కురువిళ మాస్టారింట్లో, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, మెయిన్ ఆపకుండా, ఒంటి చేత్తో. రెండో చేత్తో ఏం పట్టుకున్నానో తెలుసా?"

"గొడుగు," అన్నాడు రాఘవన్.

"గొడుగే! నీకెవడు చెప్పాడు?"

"పోయిన వానాకాలం నువ్వే చెప్పావు. అప్పుడు నీళ్ళు పాదాల దాకానే ఉన్నాయి."

"వానాకాలం కదరా, నీళ్ళు పెరుగుతాయి. విను. కరెంటు ఒక్క చుక్క బయటికి కారినా పడిపోవాలి, అదీ ఆ స్విచ్చి పని. అందరూ బిగిస్తే అంతే. నేను బిగిస్తే? మాస్టారింటి వెనక కాలవలో ఒక పాము చేప మోటారు పైపుని తోకతో రాసుకుంది, టప్! మర్నాడు రాసుకోనైనా లేదు, రాసుకుందామా అనుకుంది, టప్! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇదిగో, ఈ చాక్కో బాతుల్లో ఒకటి అవతలి గట్టున తడి రెక్క విదిలించింది. టప్! మాస్టారిల్లే కాదు, ఊరు, పక్కూరు, పక్క జిల్లా, అంతా చీకటి!"

"అప్పటికి నా బాతులు గుడ్లలో కూడా లేవు చేట్టా," అన్నాను నేను.

"వాటి అమ్మమ్మ విదిలించిందేమోలే! మధ్యలో అడ్డొస్తే చెప్పడం మానేస్తా."

మానేస్తాడేమోనని ఆశపడ్డాను. మానలేదు.

"అప్పుడు పిడుగు పడిందిరా, సూటిగా మాస్టారింటి మీదికే. కొబ్బరి మట్ట దాకా వచ్చింది. నేను బిగించిన స్విచ్చిని చూసింది. చూసి, వచ్చిన దారినే మబ్బులోకి వెళ్ళిపోయింది! తెల్లారేసరికి కరెంటాఫీసు పెద్ద ఇంజనీరు పడవేసుకుని వచ్చి, 'ఔసేప్పూ, మాకింక మీటర్లెందుకు, నీ వేలు చాలు' అంటూ కాళ్ళ మీద పడబోయాడు. అవునురా, ఈ చూపుడు వేలే. కరెంటు జివ్వుమంటే కరెంటనీ, వాతం జివ్వుమంటే వాతమనీ ముట్టుకోగానే చెప్పేస్తుంది. ఇంతవరకూ ఒక్కసారి తప్పలేదు. ఆస్పత్రి వాళ్ళు కూడా అరువిమ్మని అడిగారు."

"వేలునా?"

"వేలునే!"

కొట్టు వెనక ఇనప కొళాయి దగ్గర గ్లాసులు కడుగుతున్న చేచ్చి ఆ మాటకి చప్పున ఆగిపోయింది. చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది.

"ఔసేప్పూ, నా చేతులు జివ్వుమంటున్నాయంటే వాతమని చెప్పింది ఆ వేలేనా?"

"అదే చేచ్చీ. వాతమే. తైలం రాయమన్నాగా."

"ఏళ్ళ తరబడి సీసాలు సీసాలు రాశాను. ఈ వారం మాత్రం రాయకుండానే తగ్గిపోయింది. నువ్వు పాతది బిగించావో లేదో, ఇదిగో, మళ్ళీ మొదలైంది."

నేను లేచి ఎర్ర బల్బు తీగల్ని చూశాను. ఒకటి బోర్డుకి పోయింది. రెండోది కూడా బోర్డుకే పోవాలి కదా. అది కిటికీ దాటి, గోడ దిగి, కొళాయి పైపుకి చుట్టుకుని ఉంది.

"ఈ తీగ లాగిందెవరు చేచ్చీ?"

"కొట్టు తెరిచిన రోజు ఫాదర్ ఆశీర్వదించడానికొచ్చే వేళకి బల్బు వెలగాలని హడావిడిగా లాగాడు. ఈ ఔసేప్పే, ఇంకెవరు?"

"ఏం పర్లేదు చేచ్చీ," అన్నాడు చేట్టన్, గొంతు తగ్గించి. "భూమి కదా, ఎంత కరెంటైనా తాగేస్తుంది."

"తాగిందంతా నా చేతుల్లో కక్కింది! ఊరికే పడిపోతుందన్నావే ఆ స్విచ్చి, వారం రోజులూ మొత్తుకున్నది ఇదా?" చేచ్చి కొళాయి వైపు చెయ్యి చూపించింది. "రా ఇలా. ఆ వేలు ఈ కొళాయి మీద పెట్టు. వాతమో కరెంటో నువ్వే చెప్పు."

చేట్టన్ లేచాడు. కొళాయి దాకా వెళ్ళాడు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు.

"ముందు ఆ మెయిన్ ఆపు చేచ్చీ."

"మెయిన్ ఆపకుండా కదూ నీ పని?" అన్నాడు రాఘవన్.

చేచ్చి బల్ల మీది కొత్త స్విచ్చి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"తీగ సరిగ్గా లాగి, ఇది మళ్ళీ బిగించు. సాయంత్రం ప్రార్థన. కావాలంటే గొడుగిస్తాను."