ఆదెన్న పాటలో గజ్జెలు తీసేసిన సంగతి

నా పేరు తిప్పేష్. తండ్రి రంగన్న, లేరు. వయసు ముప్ఫై ఆరు. కళ్యాణదుర్గం బస్టాండు ఎదురు సందులో సెల్‌ఫోన్ రిపేరు షాపు నాది. షాపు వెనకే ఇల్లు, అందులో అమ్మ బయమ్మ, నేను ఉంటాం. ఈ రోజు 2025 ఏప్రిల్ 22, మంగళవారం, పగలు పదకొండున్నరకు స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ విజయభాస్కర్ గారి ముందు ఈ మాటలు చెబుతున్నాను. నా ఫోన్ ఆయన బల్ల మీద ఉంది. ఇప్పటికే నా చేయి రెండుసార్లు దాని వైపు పోయింది, ఆయన వద్దన్నారు.

వృత్తి కింద రిపేరు అని రాస్తే చాలన్నారు. చాలదు సార్. నాకు ఇంకో పని ఉంది, ఈ గొడవంతా దాని వల్లే వచ్చింది. రోజూ పొద్దున ఐదు గంటలకు లేచి, ప్రపంచంలో ఏ కంపెనీ ఏ కొత్త కీబోర్డు తెచ్చింది, ఏ డ్రమ్ ప్యాడ్ తెచ్చింది, ఏ మైకు తెచ్చింది అని నెట్‌లో చదువుతాను. చదివింది తెలుగులో చెప్పి వాట్సాప్ గ్రూపులో పెడతాను. గ్రూపులో నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు. భజన కీబోర్డు వాళ్ళు, పెళ్ళి బ్యాండు వాళ్ళు, సౌండ్ బాక్సుల వాళ్ళు. అందులో నూటికి తొంభై మంది ఆ సామాన్లు జన్మలో కొనలేరు. నేనూ కొనలేను. అయినా చదవకుండా ఉండలేను. ఒక వార్త చదువుతుంటే దాని కింద ఇంకోటి కనబడుతుంది, కాలు ఊపుకుంటూ అదీ చదువుతాను. అన్నం ముందు పెట్టుకుని కూడా చదువుతానని అమ్మ తిడుతుంది.

మార్చి మొదటి వారంలో ఒక వార్త పెట్టాను. పాత రికార్డింగులో గొంతు వేరుగా, వాద్యం వేరుగా విడదీసే సాఫ్ట్‌వేర్ గురించి. గ్రూపులో ఉన్న నాగేశ్వర ఆ సంగతి వాళ్ళ మేనత్త మారెక్కకు చెప్పాడు. మార్చి 10, సోమవారం, ఉదయం పదిన్నరకు మారెక్క ఊడుగులకుంట నుంచి షేర్ ఆటోలో నా షాపుకు వచ్చింది. రవిక గుడ్డలో చుట్టిన ఒక క్యాసెట్ నా చేతిలో పెట్టింది.

మారెక్క భర్త ఆదెన్న ఉరుముల మనిషి. హెడ్ గారిది కోస్తా కాబట్టి ఉరుము అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. మెడకు వేసుకునే డోలు లాంటిది. ఒక వైపు పుల్లతో రుద్దితే మబ్బు ఉరిమినట్టు మూలుగుతుంది. అది వాయిస్తూ, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని ఎగురుతూ, అమ్మవారి పాట పాడతారు. మూడు పనులూ ఒకే మనిషి ఒకేసారి చేస్తాడు. ఆదెన్నకు గొంతులో క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ చేశారు. తర్వాత రెండేళ్ళు ఒక్క మాట లేకుండా బతికి, మొన్న జనవరిలో పోయాడు. ఆ క్యాసెట్ 1998 జాతరలో ఎవరో పట్టింది. ఎనిమిది నిమిషాల పాట. ఆయన గొంతు ఉన్నది లోకంలో ఆ ఒక్క చోటే.

మారెక్క నాతో అన్న మాటలు ఇవి. "ఫోటోలు ఉండాయి లేప్పా. ఫోటో మాట్లాడదు కదా. రెండేండ్లు చేతులు తిప్పి చెప్తాండె, నేను తలకాయ ఊపుతాంటి. ఆయప్ప గొంతు ఎట్లుంటాదో మర్చిపోతానేమో అని బయంగా ఉండాది." నేను, "నాకు వదిలెయ్యక్కా, కొత్త పాట మాదిరి చేసిస్తా," అన్నాను. నిజంగానే చేద్దామనుకున్నాను.

అదే రోజు మధ్యాహ్నం క్యాసెట్ నా టేప్‌రికార్డర్‌లో వేశాను. నలభై సెకన్లు మోగింది. నలభై సెకన్లూ నా ఫోన్‌లోకి పట్టుకున్నాను. తర్వాత కీచుమని శబ్దం వచ్చి, రీలు అతుక్కుని, ఆగిపోయింది. బయటికి తీసి పెట్టాను. అప్పుడే అనంతపురం తీసుకెళ్ళి తెలిసినవాళ్ళకు ఇచ్చి ఉంటే సరిపోయేది. నేను నెట్ తెరిచాను.

అతుక్కున్న పాత టేపును వేడి పెడితే మళ్ళీ మోగుతుందని ఒక చోట ఉంది. యాభై నాలుగు డిగ్రీలు, ఎనిమిది గంటలు, ప్రత్యేకమైన పెట్టెలో. అది స్టూడియోల పెద్ద రీళ్ళ గురించి రాసింది. కింద ఇంకా నాలుగు పేరాలు ఉన్నాయి, నేను చదవలేదు. ఆ పెట్టె నాకెందుకు అనుకున్నాను. మా ఊళ్ళో ఏది ఎండాలన్నా మిద్దె ఎక్కిస్తాం. సెనక్కాయలు, మిరపకాయలు, వడియాలు, అన్నీ అక్కడే ఎండుతాయి. దేవుడు ఈ జిల్లాకు వాన ఇవ్వలేదు గానీ ఎండ మాత్రం ఎంత కావాలంటే అంత ఇచ్చాడు. అది ఒక్కటన్నా పనికొస్తుంది కదా అనుకున్నాను.

ఏప్రిల్ 2, బుధవారం, ఉదయం పది గంటలకు క్యాసెట్‌ను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, మిద్దె మీద రేకుల పైన ఉంచాను. వేడి కొలిచే మీటరు వైరు లోపల పెట్టి చూస్తే యాభై రెండు డిగ్రీలు చూపించింది. బాగా సంతోషపడ్డాను. అరగంటకోసారి చూసి, వేడి ఎక్కువైతే నీడలోకి జరపాలని అనుకున్నాను. అమ్మ మిరపకాయలు తిరగేస్తూ, "ఆ డబ్బాలో ఏముండాదిరా?" అని అడిగింది. "పాట," అన్నాను.

పదకొండింటికి ఒక కంపెనీ కొత్త డ్రమ్ ప్యాడ్ విడుదల కార్యక్రమం నెట్‌లో లైవ్ వచ్చింది. చూడటం మొదలుపెట్టాను. చూసి, రాసి, గ్రూపులో పెట్టి, వాళ్ళడిగిన ప్రశ్నలకు జవాబులిచ్చాను. దాని కింద ఇంకో వార్త కనబడింది, అదీ చదివాను. మిద్దె ఎక్కేసరికి సాయంత్రం నాలుగుంపావు. ఆ కొత్త ప్యాడ్‌లో కొత్తగా ఏముందని హెడ్ గారు అడిగారు. పాతదానికంటే రెండు గుండీలు ఎక్కువ సార్.

డబ్బా వట్టి చేత్తో పట్టుకోలేకపోయాను. మీటరు డెబ్బై నాలుగు దాటింది. క్యాసెట్ అప్పడంలా వంగింది. లోపల రీలు ముడతలు పడింది. వేరే క్యాసెట్ డొప్పలోకి మార్చబోతే మూడు చోట్ల తెగింది. ఆ ముక్కలు షాపులో బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి, నిన్న మీవాళ్ళు తీసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నాను. ఆ రోజే ఊడుగులకుంట పోయి కాళ్ళ మీద పడి ఉండాల్సింది.

పోలేదు. మనిషి గొంతు కొద్దిగా ఇస్తే, దాంతో ఏ పాటైనా పాడించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. దాని వార్త కూడా గ్రూపులో పెట్టింది నేనే. ఆ నలభై సెకన్లు అందులో వేశాను. పాట మాటలు నాగేశ్వరను అడిగి రాసుకున్నాను, ఎందుకో అతనికి చెప్పలేదు. గజ్జెల చప్పుడు, కాళ్ళు నేలకు తగిలే చప్పుడు, ఎగశ్వాస అడ్డం వస్తున్నాయని ముందే తీసేశాను. సాఫ్ట్‌వేర్ భాషలో వాటిని చెత్త శబ్దం అంటారు. వారం రోజులు కూర్చుని ఎనిమిది నిమిషాల పాట తయారు చేశాను. చాలా శుభ్రంగా వచ్చింది. ఏప్రిల్ 9న పెన్‌డ్రైవ్‌లో వేసి మారెక్కకు ఇచ్చాను. ఆమె నా తల నిమిరి పోయింది. పాత క్యాసెట్ బాగు చేశానని గ్రూపులో కూడా పెట్టాను. తొంభై మంది మెచ్చుకున్నారు.

నిన్న, ఏప్రిల్ 21, సోమవారం, ఉదయం పదకొండూ ఇరవైకి మారెక్క పెన్‌డ్రైవ్ తెచ్చి బల్ల మీద పెట్టింది. కోపంగా లేదు. మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు ఇవి.

"ఇది మా ఆయన కాదప్పా."

"గొంతు ఆయప్పదే కదక్కా."

"గొంతు ఆయప్పదే. మనిషే కాదు. మా ఆయన కూసోని ఎప్పుడన్నా పాడినాడా? ఈ మనిషి కూసోని పాడతాండాడు. పన్నెండు రోజులు విన్న్యా. ఒక్కసారి కూడా ఎగర్లే. ముప్పై ఏండ్లు ఆయప్ప కాళ్ళకు గజ్జెలు కట్టింది నేను. నా క్యాసెట్ యాడ?"

బెంగళూరులో ఉందని చెప్పాను. అది అబద్ధం. ఆమె నా ముఖం చూసి, పెన్‌డ్రైవ్ అక్కడే వదిలి, నేరుగా స్టేషన్‌కు వచ్చింది.

ఈ రోజు పన్నెండూ పదికి, మారెక్క ఎదుటే, హెడ్ గారు నా ఫోన్‌లోని నలభై సెకన్లు వేశారు. నేను ముట్టుకోని అసలు రికార్డింగు అది. ముందు ఉరుము మూలిగింది. తర్వాత గజ్జెలు, కాళ్ళ చప్పుడు. ఆదెన్న ఎగిరిన ప్రతిసారీ పాట తెగి, కిందికి దిగినాక మళ్ళీ అందుకుంటుంది. నేను చెత్త అని తీసేసింది అదే. మారెక్క బెంచీ మీద కూర్చుని, తలవంచి, నేలకేసి చూస్తూ విన్నది. అయిపోగానే, "ఇంగోసారి ఎయ్యి సారూ," అన్నది. నాలుగుసార్లు వేశారు. నాలుగోసారి ఆమె మడమ నేల మీద ఆడింది.

తర్వాత నా వైపు తిరిగి, "ఎనిమిది నిమిషాలు ఇస్తినప్పా నీకు," అన్నది.

కేసు పెడితే ఫోన్ సాక్ష్యంగా కోర్టుకు పోతుందని, ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదని హెడ్ గారు ఆమెకు చెప్పారు. ఆ ఫోన్ తనకు ఇప్పిస్తే కేసు వద్దని ఆమె అన్నది. వద్దనడం సరికాదని నేనే అన్నాను. కేసు ఉండనీయండి. నలభై సెకన్లు మాత్రం ఈ రోజే ఆమె దగ్గరున్న ఫోన్‌లోకి ఎక్కించండి. నన్ను ముట్టుకోనీయకండి. శుభ్రం చేస్తామని వచ్చే వాళ్ళెవరికీ ఇవ్వకండి.

నేను చెప్పింది రాసి, నాకు చదివి వినిపించారు. ఒక చోట "పాట, వాద్యం వినిపించాయి" అని మాత్రమే ఉంది. కేసుకు అవసరం లేదని గజ్జెలు, కాళ్ళ చప్పుడు వదిలేశామన్నారు. అవి లేకుండా సంతకం పెట్టనని చెప్పాను. మళ్ళీ చేర్చారు. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా నిజం, ఏదీ తీసేయలేదు.

(సం) తిప్పేష్

నా ఎదుట: విజయభాస్కర్, హెడ్ కానిస్టేబుల్

విన్నాను: మారెక్క, ఎడమ బొటనవేలి ముద్ర