ఫుసాయో కొట్లో ఖాళీ మేకు

కొకురా సైకిల్ పందేల మైదానం గేటు ఎదురుగా ఫుసాయో సాన్ ఓదెన్ కొట్టు; ముల్లంగీ చేప ఉండలూ పులుసులో ఉడికించి అమ్ముతుంది. పొయ్యి పైన గోడకి ఒకే ఒక్క మేకు. అది ఛాంపియన్ జెర్సీకి. పాత జెర్సీ పొగకి చివికిపోతే నిన్ననే తీసేసింది. ఇవాళ పొద్దున్నే ఒకప్పటి సైకిల్ పందెగాడు టొకుజిరో, ఉతికి ఇస్త్రీ చేసిన తన తెల్ల జెర్సీని గుడ్డలో చుట్టుకుని దిగాడు. రిటైరైన దగ్గర్నుంచీ ఆయన కన్నంతా ఆ మేకు మీదే.

"నేనేం గొప్పలు చెప్పుకునే మనిషిని కాను ఫుసాయో సాన్. ఏదో చిన్న పందెం, సన్నగా తుంపర, గెలిచాను, అంతే. కాకపోతే మనం కొంచెం స్పీడు. కొంచెమంటే, నేను పక్కనుంచి పోతే జనం గొడుగులు తిరగబడేవి. వాటిని వదలని మొండిఘటాలు ఇద్దరు ముగ్గురు మోజి రేవు దాకా ఎగిరిపోయి, సాయంత్రం రైల్లో వచ్చారు పాపం."

"గొడుగులతోనేనా?" అన్నాడు చేపలమ్మే హెయిసుకె.

"మధ్యలో అడ్డు రాకయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఖరి చుట్టు గంట కొట్టారు. ఆ మోత నన్ను అందుకోలేక సగం దారిలోనే ఉండిపోయింది. నేను మలుపు తిరిగేసరికి ముందు ఎవడో తెల్ల జెర్సీ, ఒకటో నంబరు."

"ఒకటో నంబరు నువ్వే కదా?"

"అదే కదా! నిక్కరు వెనక మా ఆవిడ వేసిన అతుకు చూసి గుర్తుపట్టాను. నేనే! అంత స్పీడులో పోయి నన్ను నేనే వెనకనుంచి అందుకున్నా."

ఫుసాయో గరిటె ఆగిపోయింది. ఓదెన్ తింటూ వింటున్న మాకూ బుర్ర తిరిగింది.

"మరి ముందున్నదెవరు, వెనకున్నదెవరు?" అన్నాడు హెయిసుకె.

"ముందున్నదీ నేనే, వెనకున్నదీ... ఉండండుండండి." వేళ్లు మడిచి చూసుకున్నాడు, మళ్లీ తెరిచాడు. "సరే, అది వదిలెయ్యండి. మన పందేల్లో పద్ధతేంటి? ఒకే ఊరోళ్లు జట్టుగా తొక్కుతారు. ముందు తొక్కే సొంతూరోడు ఎదురుగాలంతా భరిస్తాడు, వెనకున్నవాడు మిగతావాళ్లు దాటకుండా కాపలా కాస్తాడు. చివర్లో ఆ ముందువాణ్ణి దాటినా తప్పు లేదు. కానీ నన్ను నేనే వెన్నుపోటు పొడుచుకోనా? వెనకవాళ్లని భుజంతో తోస్తూ గెలుపు గీత దాకా కాపలా కాశా. వాణ్ణి... అదే, నన్ను గెలిపించా!"

ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి. గుడ్డ విప్పి, జెర్సీ తీసి మేకుకేసి చెయ్యి చాచాడు. ఫుసాయో గరిటె అడ్డం పెట్టింది.

"కాపలా కాసింది నువ్వేగా టొకు సాన్?"

"నేనే! కావాలంటే భుజం మీద మచ్చలు చూడు."

"అంటే నువ్వు రెండోవాడివి."

టొకుజిరో చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ మొదటాయన వచ్చాక తగిలిద్దాం. అందాకా నీకు అలవాటైన పనేగా, ఇంకెవరూ తగిలించకుండా మేకుకి కాపలా కాయి," అంటూ ముల్లంగి ముక్క వడ్డించింది.

పాపం, జెర్సీ ఒళ్లో పెట్టుకుని మేకు కిందే కూర్చున్నాడు. గుమ్మం తెర కదిలినప్పుడల్లా, వచ్చింది తనేనేమోనని తలెత్తి చూశాడు.