చదవకుండా పెట్టిన సంతకం

బిజినెస్ స్కూలు దరఖాస్తుకు ఇంకా గంటే గడువు. ఆఫీసు మెట్ల మీద కూలబడిన తమ్ముడు అక్కకు ఫోను చేశాడు.

“కొంప మునిగిందక్కా! మేనేజరుగారు సిఫార్సు లేఖ నన్నే రాసుకోమన్నారు. నేను పంపగానే సంతకం పెట్టి స్కూలుకు పంపించేశారు.”

“మరి ఏడుపెందుకురా?”

“లేఖ బదులు దరఖాస్తు కోసం రాసుకున్న నా వ్యాసం పంపాను! అది సంతకం కాదు, నా సీటుకి సంతాపం!”

“వ్యాసంలో ఏం రాసి చచ్చావు?”

“ఉద్యోగంలో నా పెద్ద కష్టం, మా మేనేజరు ఏదీ చదవకుండా సంతకం పెట్టడమని.”

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

“నవ్వకే! ఇది మూడో ప్రయత్నం. ఇక నావల్ల కాదు.”

“పొరపాటున వేరే కాగితం పంపామని స్కూలుకు ఓ ముక్క రాసి, అసలు లేఖ జతచేసి సంతకానికి ఆయన ముందు పెట్టు.”

“ఈసారి చదివితే?”

“చదివితే నీ కష్టం తీరినట్టేగా!”