శుక్రవారం కొట్టిన స్కోరు

హలో… ఆ, నేనే ఆపా, షాకిర్ని.

… లేదు లేదు, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. అమ్మీ కూడా. నేను ఫోన్ చేస్తే చాలు, ఎవరికో ఒంట్లో బాగోలేదనుకుంటావేంటి… సరే, నాదే తప్పు. నెలకోసారైనా చేయాల్సింది.

తెనాల్లో ఉన్నా. పొద్దున్నే రేపల్లె నుంచి వచ్చా. దత్తు నెట్ సెంటర్ బయట, మెట్ల మీద… అదే, మన పాత కొట్టు. అబ్బాజాన్ వీడియో గేముల కొట్టే. ఇప్పుడది దత్తు అద్దెకు తీసుకున్నాడని చెప్పా కదా.

నీకు ఖాళీయేనా? … ఆదివారం కూడా పేపర్లేనా? తర్వాత దిద్దుకోవచ్చులే. బాపట్ల పిల్లలు మార్కులు ఆలస్యమైతే ఏడవరు.

… ఏం లేదు. ఊరికే. … ఊరికేనే అంటున్నానా.

ఆపా, ఆ ఓడల ఆట గుర్తుందా? ఆకాశంలోంచి శత్రువుల ఓడలు వరసలుగా దిగుతుంటే మనం కింద నుంచి కాల్చేది… ఆ, అదే. దాన్ని మళ్ళీ కొత్తగా చేశారు. కంప్యూటర్‌కి సీడీ వచ్చింది. దత్తు హైదరాబాదు నుంచి తెప్పించి, అప్పట్లో ఆడినోళ్ళందర్నీ పిలిచాడు. ఇరవై మంది దాకా వచ్చారు. అందరికీ బట్టతలలు, పొట్టలు… నవ్వకు, నాకూ వచ్చింది పొట్ట.

… ఎలా ఉందంటే, ఒక్కొక్కడిదీ ఒక్కో మాట. దత్తు ఆ రంగులు చూసి మురిసిపోతున్నాడు. జంపని హనుమయ్య గారు లేరూ, చక్కెర ఫ్యాక్టరీలో చేసేవారు, ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ఇందులో చచ్చిన చోటి నుంచే మళ్ళీ మొదలెట్టొచ్చు. 'ఆ మాత్రానికి చావడం దేనికయ్యా' అంటారు. పూర్ణచంద్రరావు మేష్టారిది ఇంకో గొడవ. పాత ఓడ అటూ ఇటూ జరగడమే తప్ప పారిపోడానికి చోటుండేది కాదు, ఆ భయమే ఆట అంటారు. ఇప్పుడది ఎటు పడితే అటు ఎగురుతుంది. ఆయనకి కళ్ళు తిరిగి, గోళీ సోడా తాగి కూర్చున్నారు.

ఇవన్నీ దత్తు ఒక నోట్‌బుక్కులో రాయిస్తున్నాడు. ఆట చేసిన కంపెనీ వెబ్‌సైటులో పెడతాడట, తెనాలి ఆటగాళ్ళ అభిప్రాయాలని. మొదటి పేజీ మాత్రం ఖాళీగా ఉంచాడు.

… నాకోసం.

…

వస్తున్నా దత్తూ, ఒక్క నిమిషం. మా అక్కతో మాట్లాడుతున్నా… టీ వద్దు. ఇప్పటికి నాలుగయ్యాయి.

హలో. ఆ, వాడే. పొద్దుట్నించీ పిలుస్తూనే ఉన్నాడు. నేను నడుం నొప్పంటాను, ఫోనొచ్చిందంటాను, సిగ్నల్ లేదంటూ బయటికొస్తాను. పదకొండింటి నుంచీ ఈ మెట్ల మీద లేవడం, కూర్చోవడం.

నీకు అర్థమయ్యే ఉంటుంది.

…

గోడ అలాగే ఉంది ఆపా. సున్నం వేయించినప్పుడు దత్తు ఆ జానెడు చోటు వదిలేయించాడు. కరెంటు పోతే మెషిన్లో స్కోర్లు చెరిగిపోతాయని అబ్బాజాన్ ఎర్ర పెయింటుతో గోడ మీద రాసేవాడు చూడు… 'షాకిర్ — 84,600'. ఇవాళ దానికి దండ కూడా వేశారు. … బంతిపూలది. బతికున్నోడి పేరుకి.

కొత్త సీడీలోనే పాత ఆట కూడా పెట్టారు, ఉన్నదున్నట్టు. ముందు నేనది ఆడి చూపించాలట. తర్వాత కొత్తదాని మీద నా అభిప్రాయం చెప్పాలట. ఛాంపియన్‌ని కదా.

నేను జన్మలో తొమ్మిది వేలు దాటలేదు. అది నీకు తెలుసు, నాకు తెలుసు.

… అందుకే చేశా. ఎలా ఆడేదానివో చెప్పు. ఫోన్లోనే చెప్పు, ఎలాగోలా నెట్టుకొస్తా.

…

ఊఁ… ఊఁ… పెద్ద ఓడ రాకముందు ఏంటి? … చప్పుడా? … తెర మీద కనపడకముందే గూఁ అని మోగుతుంది, అప్పుడు కాల్చడం ఆపి ఎడమ మూలకి పోవాలి. … అంటే నువ్వు చెవులతో ఆడేదానివా? పక్కనే కూర్చుని, నువ్వు తెచ్చిన క్యారేజీ తింటూ చూసేవాణ్ణి. ఒక్కనాడూ తెలీలేదు.

ఉండు, లోపల కొత్తది ఆడుతున్నారు. ఫోన్ కిటికీ దగ్గర పెడతా, విను…

వినపడిందా? … అవును, ఒకటే పాట, డప్పులేసి. … ఓహో. ఆ హోరులో ఓడ చప్పుడు మునిగిపోయింది. … నిజమే. ఇరవై మంది పొద్దుట్నించీ గొంతులు చించుకుంటున్నారు, ఈ ముక్క ఒక్కడికీ తట్టలేదు.

…

ఆపా. ఆ శుక్రవారం అబ్బాజాన్ మనిద్దర్నీ లోపలుంచి, షట్టరు దించి జుమ్మా నమాజుకెళ్ళాడు చూడు, తిరిగొచ్చి షట్టరెత్తి, తెర చూసి ఎవరు కొట్టారంటే నేనే అన్నా. నువ్వు క్యారేజీ గిన్నెలు సర్దుకుంటున్నావు. ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదు?

… తెలుసు. ఆడపిల్ల వీడియో గేముల కొట్లో ఆడిందంటే బజారంతా నోళ్ళు నొక్కుకుంటారు. కానీ నేను 'నేనే' అన్నది నీ పరువు కోసం కాదు. నాకా స్కోరు కావాలనిపించింది. అంతే. పద్దెనిమిదేళ్ళయింది. వచ్చినవాడికల్లా ఆయన ఆ గోడ చూపించి మావాడు అనేవాడు. పోయేదాకా అన్నాడు. ఆయన్ని అబద్ధంతోనే సాగనంపాను.

… ఏంటి?

… ఆయనకి తెలుసా? ఎవరు చెప్పారు?

…

షట్టరు బయట నిలబడి విన్నాడా… నా ఆట మూడు నిమిషాల్లో అయిపోయేది, ఆ రోజు ముప్పావు గంట మోగుతూనే ఉందని… నీతో ఎప్పుడన్నాడు? … నీ నిఖాకి ముందు రోజా.

మరి ఆ తర్వాత శుక్రవారాలు… నమాజయ్యాక గంట, గంటన్నర వచ్చేవాడే కాదు. దారిలో ఎవరో మాటల్లో పెట్టారనేవాడు…

… నువ్వు ఆడుకుంటావనా.

…

ఏడవట్లేదు. ముక్కు కారుతోంది, అంతే.

వస్తున్నా దత్తూ. ఇదిగో, లేచా.

ఆపా, పెట్టెయ్యకు. … పేపర్లు ఎక్కడికీ పోవు. … ఆ స్కోరు నీదని చెప్పేస్తా. ఎవరేమంటారిప్పుడు? నీకు ముప్పై ఆరేళ్ళు, లెక్కల టీచరువి. … నన్నేమంటారో నేను పడతాలే, పడాల్సిందే. … వద్దా? నిజంగా వద్దా?

…

మరి వద్దనడానికి ఇంతసేపు ఆలోచించావేంటి.

… ఆ. అలా చెప్పు.

స్పీకరు పెడుతున్నా. దత్తూ, ఆ పాట కట్టెయ్యి. హనుమయ్య గారూ, కాస్త జరగండి. … ఫోన్ ఇక్కడ, కీబోర్డు పక్కన పెట్టా ఆపా. వినపడుతోందా?

… కాదు దత్తూ, నేను ఆ కుర్చీలో కూర్చోను. మొదటి పేజీ తియ్యి. రాసుకో. పాట హోరులో పెద్ద ఓడ చప్పుడు వినపడట్లేదు, పాట తీసెయ్యాలి. అంతే అభిప్రాయం. కింద పేరు… హుమేరా, లెక్కల టీచరు, బాపట్ల.

… సరిగ్గానే విన్నావు. నాది కాదు. ఆ గోడ మీద స్కోరు కూడా నాది కాదు, మా అక్కది. నేను అబద్ధం చెప్పా. ముందు ఆ దండ తియ్యండి.

ఆపా, మాట్లాడు. అందరూ వింటున్నారు.